మిరప నారు ఎవరి వైపు?

"అమ్మా, అది మన తోట కాదు, నీ తోట" అని తొమ్మిదేళ్ల మా అమ్మాయి పోయిన వసంతంలో అన్న మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. బడిలో అమెరికా ఆదివాసుల సేద్యం గురించి విని వచ్చి, మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి గింజలను ఒకే చోట నాటుదామని అడిగింది. వాటిని వాళ్లు 'ముగ్గురు అక్కచెల్లెళ్లు' అంటారట. బీర పందిరికే చోటు చాలదని నేను కాదన్నాను. అప్పుడు అన్న మాట అది.

మేముండే న్యూజెర్సీలో రాత్రి చలి విడిచి నేల వెచ్చబడేసరికి మే సగం గడుస్తుంది. అక్టోబరు ముగిసేలోగా తీగలన్నీ మళ్లీ చలికి మాడిపోతాయి. ఆ కొద్ది నెలల కోసం నేను ఏప్రిల్‌లోనే బీర, సొర గింజలను రాత్రంతా నానబెట్టి కిటికీ దగ్గర కప్పుల్లో మొలకెత్తిస్తాను. కరివేపాకు కుండీ చలికాలమంతా ఇంట్లోనే ఉంటుంది.

పెరటి తోట పిల్లలకు మేలు చేస్తుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కొట్టులో కొన్న బీరకాయను ముట్టని మా అమ్మాయి, తన చేత్తో కోసిన బీరకాయ తొక్కు పచ్చడిని అన్నంలో కలుపుకొని తింటుంది. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, ఆ వేళకు తేనెటీగల రాక తగ్గిపోతుంది కనుక, మగ పువ్వును కోసి ఆడ పువ్వుకు అద్దడం తనకు నేర్పాను. పువ్వు కింద చిటికెన వేలంత కాయ ఉంటే అది ఆడ పువ్వని, ఆ చిన్న కాయను పిందె అంటారని చెప్పినప్పుడు, ఇంగ్లీషులో ఏమంటారని అడిగింది. సరిపోయే మాట నాకు తట్టలేదు. తెలుగు తరగతిలో గుణింతాల దగ్గర కన్నీళ్లు పెట్టుకున్న పిల్ల పూత, పిందె, కాయ, దోరకాయ, పండు అన్న వరుసను ఒక్క సాయంత్రంలో పట్టేసింది.

కొత్తగా తోట వేసే స్నేహితులకు నేను చెప్పేది కొంచెమే. ఇల్లు 1978కి ముందు కట్టినదైతే పాత రంగుల్లోని సీసం మట్టిలో చేరి ఉండవచ్చు కాబట్టి, రట్గర్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాల వంటి చోట మట్టిని పరీక్ష చేయించుకోవాలి. తొలి ఏడాది గోంగూర, బచ్చలితో మొదలుపెడితే నిరాశ ఉండదు. పిల్లలకు విడిగా ఒక మడి ఇవ్వాలి.

ఈ చివరి మాట ఎందరికో చెప్పాను, మా ఇంట్లో పాటించలేదు. పోయిన ఏడాది జూన్‌లో, నాకు చెప్పకుండా పందిరి మూల తను నాటుకున్న గుమ్మడి మొలకను కలుపనుకొని పీకేశాను. కలుపనుకొని అని రాయడం కూడా నిజం కాదు. గుమ్మడి ఆకు నాకు తెలుసు. తనకు ఇంతవరకు చెప్పలేదు.

కొన్నాళ్లకు మిరప ఎక్కడిదని అడిగింది. మిరప, టమాటా అమెరికా ఖండాలలో పుట్టినవనీ, మిరపను 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు మన దేశానికి తెచ్చారనీ చెప్పవలసి వచ్చింది. గోంగూర సైతం ఆఫ్రికా నుంచి వచ్చిన మొక్కే. 'మన కూరలు' అని నేను కంచె కట్టి కాపాడుకుంటున్నవాటిలో కొన్నింటికి అసలు పుట్టిల్లు నా కూతురు పుట్టిన నేలే.

తెనాలి దగ్గరి మా పల్లెలో అమ్మ దొడ్డి గోడ పక్కన సొరపాదు పెట్టేది. నాకు సంస్కృతి నేర్పడానికి పెట్టలేదు, కూరకు పెట్టింది. నేను మాత్రం ప్రతి పాదుకూ నీళ్లు పోస్తూ, అందులో నా బిడ్డ తెలుగుతనం కాస్తుందని ఎదురుచూస్తున్నానేమో. అంత బరువును ఒక బీరతీగ మీద, ఒక పిల్ల మీద పెట్టడం న్యాయమేనా అన్నది నాకు తేలడం లేదు.

ఈ ఏడాది ఎండ బాగా తగిలే చోట నాలుగడుగుల మడి తనకిచ్చాను. మొక్కజొన్న కాండాన్ని చిక్కుడు పట్టుకొని పాకుతుందని, గుమ్మడి ఆకులు నేల తేమను కాపాడతాయని తనే నాకు వివరించింది. మొక్కజొన్నకు పుప్పొడి గాలితోనే అందుతుంది కాబట్టి ఒకే వరుసగా కాక చదరంగా నాటాలని కూడా చెప్పింది. ఇప్పుడు కిటికీ దగ్గర కప్పులు రెండు వరుసలుగా ఉన్నాయి. తన కప్పుల మీద ఇంగ్లీషులో, నా కప్పుల మీద తెలుగులో పేర్లు రాసి అంటించింది. మిరప నారు కప్పును మాత్రం పేరు రాయకుండా మధ్యలో ఉంచింది. దాన్ని ఎవరి మడిలో నాటాలో ఇద్దరం ఇంకా తేల్చుకోలేదు.