మా వీధి షో, వాపసు చేసిన టికెట్లు

మన బడి పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని మన బ్యాచ్ వాళ్ళు ఫోన్ చేసినప్పుడు, టీచర్ల గురించి, వార్షికోత్సవాల గురించి అందరూ ఎలాగూ రాస్తారు కదా అనిపించింది. అందుకే నేను బడి బయట జరిగిన ఒక సంగతి రాస్తున్నాను. బయట జరిగినా అందులో ఉన్నవాళ్ళంతా మన బడి పిల్లలే, ఒకే వీధి నుంచి నడిచి వచ్చే గుంపు. సెలవుల్లో మేము టికెట్లు పెట్టి ఒక టాలెంట్ షో వేశాం. అది సగంలో ఆగిపోయింది, వసూలైన డబ్బంతా తిరిగి ఇచ్చేశాం. అయినా మా గుంపు చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గర్వంగా అనిపించేది ఆ షోనే.

డబ్బు కావాల్సింది వాలీబాల్ నెట్ కోసం. పాతది చిరిగి, బంతి దాని పైనుంచి వెళ్ళిందో మధ్యలోంచి దూరిందో తెలియక రోజూ గొడవలే. ఇళ్ళల్లో అడగడం ఎందుకు, మనమే సంపాదిద్దాం అన్నాడు మా లెక్కల అబ్బాయి (పేరు రాయను, చదివితే వాడికే తెలుస్తుంది). సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని ఎలాగూ ఏదో ఒకటి చేస్తూనే ఉండేవాళ్ళం. ఒకడు నాణెం మాయం చేసేవాడు, ఒకడు గొంతులు మార్చేవాడు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు డాన్స్ చేసేవాళ్ళు, చూసిన పెద్దవాళ్ళు బాగుందర్రా అనేవాళ్ళు. అంత బాగున్నప్పుడు టికెట్ పెడితే తప్పేముంది అనుకున్నాం.

టికెట్లు ఆ లెక్కల అబ్బాయి ఎలా తయారుచేశాడో వివరంగా చెప్పాలి, తర్వాత మా పరువు నిలబెట్టింది అవే కాబట్టి. నోటుబుక్కు కాగితాలని సన్నగా కత్తిరించి, పుస్తకంలా కుట్టి, ఒక్కోదాని మధ్యలో సూదితో వరుసగా చిల్లులు పొడిచాడు. రెండు వైపులా ఒకే నంబరు. కుడివైపు ముక్క చిల్లుల దగ్గర చింపి కొన్నవాళ్ళకి ఇస్తాడు, ఎడమవైపు ముక్క పుస్తకంలోనే ఉంటుంది, దాని మీద కొన్నవాళ్ళ పేరు, ఇచ్చిన డబ్బు. ఏడో తరగతి పిల్లాడికి ఈ బుద్ధి ఎవరు నేర్పారో నాకు ఇప్పటికీ తెలియదు. అందరం నవ్వాం, వాడు మాత్రం తలెత్తకుండా చిల్లులు పొడుస్తూనే ఉన్నాడు.

షో రోజు సాయంత్రం ఖాళీ స్థలం నిండిపోయింది. మా ఇళ్ళవాళ్ళే కాదు, పక్క వీధుల వాళ్ళు కూడా వచ్చారు. చోటు చాలక స్టేజీకి రెండు పక్కలా, ఆఖరికి వెనకాల కూడా పిల్లలు కూర్చున్నారు. జనాన్ని చూసి మాకు ముందు సంతోషం, ఆ తర్వాత టెన్షన్.

మొదటి దెబ్బ పరదాతోనే తగిలింది. రెండు దుప్పట్లకి రింగులు కుట్టి, తాడుకి ఎక్కించి, లాగడానికి ఒక దారం కట్టాం. దారం లాగితే దుప్పట్లు రెండు వైపులకీ అందంగా జరిగాయి, జనం చప్పట్లు కొట్టారు. కానీ పరదా మూయడానికి అటువైపు నుంచి ఇంకో దారం ఉండాలి. ఆ సంగతి మా ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే రిహార్సల్స్‌లో తెరవడం వరకే చూసుకున్నాం. ఇక అక్కడి నుంచి ప్రతి ఐటమ్‌కీ మధ్య మేము వేషాలు మార్చుకోవడం, ఒకరినొకరు తోసుకోవడం, గుసగుసలాడుకోవడం అన్నీ జనం ముందే.

తర్వాత మైక్. ఎవరి అన్నయ్య దగ్గరో అడిగి తెచ్చిన సెట్టు అది. స్పీకర్ బాక్సు పడిపోకుండా ఉంటుందని గోడకి ఆనించి, అంటే పాడేవాళ్ళ వెనకాల పెట్టాం. పాట మొదలుపెట్టగానే కీచుమని చెవులు పగిలే కూత. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైక్‌లోకి వెళ్ళి, అది ఇంకా పెద్దదై మళ్ళీ స్పీకర్‌లోంచి వచ్చి, అలా తిరుగుతూనే ఉంటుంది. స్పీకర్ మైక్‌కి ముందుండి జనం వైపు తిరిగి ఉంటే చాలావరకు ఆ బాధ ఉండదు. పాడే అమ్మాయి భయపడి మైక్ తలని గుప్పిట్లో మూసేసింది, దాంతో కూత ఇంకా పెరిగింది. మైక్‌కి వెనకవైపు ఉండే సందులు మూసుకుపోతే అది అన్ని వైపుల శబ్దాన్నీ లాగేస్తుందని పెద్దయ్యాక తెలిసింది. ఆ అమ్మాయి నోరు ఎండిపోయి రెండో చరణం దగ్గర ఆగిపోయింది. మెట్ల మీద అదే పాట ఎన్నిసార్లు హాయిగా పాడిందో మేమంతా విన్నాం.

మ్యాజిక్ వాడి నాణెం విద్య ఎదురుగా కూర్చున్నవాళ్ళ కోసం నేర్చుకున్నది. అరచేతి మడతలో నాణెం దాగి ఉండటం ముందు నుంచి కనిపించదు, పక్కల నుంచి శుభ్రంగా కనిపిస్తుంది. పక్కన కూర్చున్న చిన్న పిల్లలు "అదిగో, అదిగో" అని వేళ్ళు చూపించారు. వాడు చేతిని అటు తిప్పితే ఇటువాళ్ళకి కనిపించేది, ఇటు తిప్పితే వెనకవాళ్ళకి.

బొమ్మతో మాట్లాడించే అబ్బాయిది ఇంకా పెద్ద కష్టం. పెదాలు కదపకుండా మాట్లాడాలి కదా. ప, ఫ, బ, భ, మ, ఈ అక్షరాలు పెదాలు కలిస్తేనే పలుకుతాయి. ఆ కళ తెలిసినవాళ్ళు ప బదులు త, బ బదులు ద, మ బదులు న లాంటి శబ్దం నాలుకతో పలికి, వినేవాళ్ళ చెవికి అసలు అక్షరంలా అనిపించేలా చేస్తారు. దానికి చాలా సాధన కావాలి. వీడేమో బొమ్మకి పాపాయి అని పేరు పెట్టాడు. "నీ పేరేంటి?" అని అడగగానే బొమ్మ జవాబు చెప్పాలి, ఆ జవాబులో మొదటి రెండు అక్షరాలూ పెదాలవే. జనం అందరూ వాడి నోటినే చూస్తున్నారు. వాడు బొమ్మని చూస్తూ అలా చాలాసేపు ఉండిపోయాడు.

డాన్స్ గురించి మాత్రం మెల్లగా చెప్పాలనిపిస్తోంది. టేప్ రికార్డర్‌లో ఉన్నవి వారమంతా రిహార్సల్స్‌కి వాడిన బ్యాటరీలే. బ్యాటరీ తగ్గితే మోటారు నెమ్మదిస్తుంది, టేపు నెమ్మదిగా కదులుతుంది, పాట సాగిపోయి గొంతు బొంగురుగా దిగిపోతుంది. ఆ అక్కచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, పాట ఎంత నెమ్మదిస్తే అడుగులు అంత నెమ్మదిగా వేశారు. చేతులు నీళ్ళల్లో కదిలినట్టు కదిలాయి. ఎక్కడా తాళం తప్పలేదు. చివరికి పాట పూర్తిగా ఆగిపోయింది, వాళ్ళు కూడా ఆ భంగిమలోనే ఆగిపోయారు. ఆ రోజు ఎవరూ ఎగతాళిగా నవ్వని రెండు ఐటమ్స్‌లో అదొకటి.

రెండోది మిమిక్రీ. అప్పటికే మైక్ తీసేశాం. వాడు ఉత్త గొంతుతోనే బడి గంట, తుప్పు పట్టిన గేటు, మన లెక్కల మాస్టారి దగ్గు, ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ పోయాడు. ఏడాది పొడుగునా క్లాసులో చేసేవే కాబట్టి జనం ఉన్నారన్న సంగతి కూడా వాడికి గుర్తున్నట్టు లేదు.

వాడెందుకు నెగ్గాడు, మిగతావాళ్ళెందుకు తడబడ్డారు అని నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1965లో చెప్పిన మాట చదివాకే కొంత అర్థమైంది. పక్కన ఎవరైనా చూస్తూ ఉంటే, బాగా అలవాటైన పని ఇంకా బాగా వస్తుంది, సరిగ్గా పట్టుబడని పని ఇంకా పాడవుతుంది. 1969లో తోటి పరిశోధకులతో కలిసి ఆయన దీన్ని బొద్దింకల మీద కూడా చూశారు. చుట్టూ వేరే బొద్దింకలు ఉన్నప్పుడు అవి తిన్నని దారిలో వేగంగా పరిగెత్తాయి, మలుపులున్న దారిలో ఆలస్యం చేశాయి. మా వాళ్ళకి టాలెంట్ లేక కాదు షో పోయింది. మెట్ల మీద నలుగురి మధ్య వచ్చినదంతా తమకి పట్టుబడినట్టే అని పిల్లలు నమ్మేస్తారు, అక్కడ డబ్బిచ్చి వచ్చిన జనం ఉండరు కదా.

నాటిక మొదలవకుండానే పరదా తాడు తెగి దుప్పట్లు రాజు వేషం మీద పడ్డాయి. వెనక కూర్చున్న పిల్లలు స్టేజీ ఎక్కేశారు. ఇక కుదరదని చెప్పేశాం.

ఆ రాత్రి మెట్ల మీద కూర్చున్నప్పుడు, డబ్బు తిరిగి ఇచ్చేయాలన్నది లెక్కల అబ్బాయే. సగం చూశారుగా, సగం ఇస్తే చాలదా అని ఒకరన్నారు. టికెట్ మీద సగం అని రాయలేదుగా అన్నాడు వాడు. రంగు కాగితాలకి, గమ్‌కి అప్పటికే కొంత ఖర్చయిపోయింది. ఆ లోటు ఎంతో లెక్కకట్టి, అందరం మా దాచుకున్న డబ్బుల్లోంచి వేసుకున్నాం. పొద్దున్నే ఎడమ ముక్కల పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వెళ్ళాం. వాడు నంబరు చదవడం, వాళ్ళు టికెట్ ఇవ్వడం, వాడు రెండు ముక్కల్నీ చిల్లుల దగ్గర కలిపి చూసి డబ్బు ఇవ్వడం. ఒక పిన్నిగారు వద్దులే నాన్నా, పిల్లలు ఏదో సరదాకి చేశారు అంటే, "తీసుకోకపోతే నాకు లెక్క తేలదు పిన్నీ" అని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఆవిడ తీసుకుంది.

చివరి ఇంట్లో తాతగారు మాత్రం టికెట్ ఇవ్వలేదు. డబ్బు నాకెందుకురా, మిగతా సగం ఎప్పుడు చూపిస్తారు అన్నారు.

బడి తెరిచాక ఈ కథ మన తెలుగు మాస్టారి చెవిన పడింది. ఆయన కోప్పడలేదు. హాల్లో ఒక శనివారం మధ్యాహ్నం ఇప్పించి, పరదాకి రెండో దారం తనే కట్టించి, నాటికతో మొదలుపెట్టి మిగిలిన సగమూ వేయించారు. టికెట్ లేదు. తాతగారు ముందు వరసలో కూర్చున్నారు, జేబులో పాత టికెట్ ఉంది, బయటికి వెళ్ళేటప్పుడు దాన్ని లెక్కల అబ్బాయి చేతిలో పెట్టారు. వాడు పుస్తకం తెచ్చుకునే వచ్చాడు. నెట్ కొనలేదు, మ్యాజిక్ వాడు పాతదాన్నే పురికొసతో అల్లితే దాంతోనే ఆడుకున్నాం.

వచ్చే సమ్మేళనంలో సాంస్కృతిక కార్యక్రమం చూసుకునే కమిటీకి ఒక మనవి. ముందు రోజు మొత్తం ప్రోగ్రామ్‌ని పరదాతో, మైక్‌తో, మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా ఒకసారి వేయించండి. స్పీకర్లు పాడేవాళ్ళకి ముందు పెట్టించండి. మా మ్యాజిక్ వాడు వస్తానన్నాడు, దయచేసి ఆ ఐటమ్‌కి అందరినీ ఎదురుగానే కూర్చోబెట్టండి.