సొరకాయ పంచాయితీ

టెక్సాస్‌లో మా ఊరి తెలుగు బడి ఆదివారం ఉదయం పది గంటలకు. 2020 మార్చి దాకా గుడి వెనక గదిలో జరిగేది. పిల్లలు బుద్ధిగా గుణింతాలు దిద్దేవారు, విరామం రాగానే ఇంగ్లీషులో కబుర్లు మొదలు. ‘తెలుగులోనే మాట్లాడాలి’ అని గోడకు అంటించిన కాగితాన్ని మా అమ్మాయి తప్పు లేకుండా చదివేది, చదివి ఊరుకునేది.

బడి కంప్యూటర్ తెర మీదికి వచ్చాక అదీ పోయింది. సగం మంది కెమెరాలు కట్టేసుకుని కూర్చునేవారు. ఒక వారం టీచరు గారు పుస్తకం పక్కన పెట్టి, వంటింట్లోంచి ఒక వస్తువు తెచ్చి దాని పేరు చెప్పమన్నారు. మా అమ్మాయి సొరకాయ ఎత్తి చూపించింది.

“అది ఆనపకాయ” అన్నాడు విశాఖ వాళ్ల అబ్బాయి. “మా నానమ్మ ఆనిగెపుకాయ అంటుంది” అంది కరీంనగర్ పాప. చిత్తూరు తాతగారైతే, అనపకాయలంటే గింజలు వలుచుకునేవి కదా అని అడ్డం వచ్చారు. మాకు ఉదయం పదంటే అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. భోజనాలు ముగించిన పెద్దవాళ్లు కాలక్షేపానికి చేరేవారు, మా అమ్మ కూడా తెనాలి నుంచి. ఆ రోజు పాఠం ఇక సాగలేదు.

మరుసటి వారం మా అమ్మాయి తనంతట తానే కరీంనగర్ నానమ్మను పలకరించింది: “నువ్వు ఆనిగెపుకాయతో ఏం వండుతావు?” మీరు అనాలని టీచరు గారు సర్దబోతే, “నువ్వనే అను బిడ్డా” అందావిడ. నేను బొమ్మల కార్డులు కొన్నాను, బతిమాలాను, కోప్పడ్డాను. నాకు ఇంగ్లీషు వచ్చని దానికి తెలుసు, అందుకే నా దగ్గర తెలుగుతో దానికి పని లేదు. ఆవిడతో ఉంది.

మళ్లీ గదిలోకి వెళ్లాక కూడా పిల్లలు పట్టుబట్టి ఒక మూల స్టాండుకు ఫోను పెట్టించారు, పెద్దవాళ్ల కోసం. నవంబరులో ఇక్కడ గడియారాలు మార్చేసరికి వాళ్లకు బడి తొమ్మిదిన్నర అయింది. తన నిద్ర వేళకు పెట్టారని అమ్మ సణిగింది.

“ఇక్కడ చలికాలంలో గంట వెనక్కి జరుపుతారు అమ్మమ్మా” అని మా అమ్మాయి తడుముకుంటూ చెప్పింది.

“ఎవరు జరుపుతారే?” అంది అమ్మ.