క.పో. అంటే ఏమిటో తెలిసింది: నాయన క్యాసెట్లు, నాలుగో నెల

ముందు లెక్క చెప్పేస్తాను. మొత్తం 84 క్యాసెట్లు. కంప్యూటర్లోకి ఎక్కినవి 37. బూజు పట్టి పక్కన పెట్టినవి 6. నా చేతిలో పాడైంది ఒకటి.

ఆ ఒకటీ పూర్తిగా నా తప్పే. స్క్రూలు లేకుండా అతికించేసిన డబ్బా అది. కత్తితో విప్పబోతే జారి టేపు రెండు చోట్ల తెగింది. తొందరలో మామూలు సెల్లోటేపు వేసి అతికాను. రెండు రోజుల్లో దాని జిగురు కారి పక్క చుట్లకి కూడా అంటుకుంది. టేపులు అతకడానికి జిగురు కారని స్ప్లైసింగ్ టేపు వేరే ఉంటుంది, అది దొరికేదాకా ఆగాల్సింది.

కొత్తగా చదివేవాళ్లకి: మా నాయన ప్రకాశం జిల్లా టంగుటూరులో బడిపంతులు. పదిహేనేళ్లపాటు టూ-ఇన్-వన్ (రేడియో, టేప్‌రికార్డరు కలిసిన పెట్టె) ముందు కూర్చుని విజయవాడ రేడియోలో వచ్చిన కచేరీలు పట్టి పెట్టాడు. వాటిని భద్రం చేస్తూ, ఆ రేడియో చరిత్ర మా ఇంటి గడపలోంచి ఎలా కనిపించిందో రాసుకోవాలని నా కోరిక. ఆకాశవాణి విజయవాడ మొదలైంది 1948 డిసెంబరు 1న. అంతకుముందు మా వైపు తెలుగు పాట వినాలంటే 1938 జూన్ 16న మొదలైన మద్రాసు కేంద్రమే దిక్కు. తాతయ్య దగ్గర ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి ముద్ర వేయించుకున్న రేడియో లైసెన్సు పుస్తకం ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉంది. రేడియో మాత్రం లేదు!

ఇక పని. ప్రతి క్యాసెట్టూ వినేముందు ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ పూర్తిగా చుడుతున్నాను. ఏళ్ల తరబడి బిగుసుకుపోయిన చుట్లు వదులవుతాయి. టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్డునీ, టేపుని లాగే రబ్బరు చక్రాన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో ముంచిన ఇయర్‌బడ్‌తో రెండు క్యాసెట్లకోసారి తుడుస్తున్నాను, మన సముద్రపు గాలికి పట్టిన తెల్ల బూజు అంత తేలిగ్గా వదలదు. హెడ్డుకి టేపుని ఒత్తి పట్టే చిన్న స్పాంజి ముక్క సగం క్యాసెట్లలో ఊడిపోయింది. అది లేకపోతే పై స్వరాలు దుప్పటి కప్పినట్టు వినిపిస్తాయి. పనికిరాని క్యాసెట్లోంచి తీసి అతికిస్తున్నాను. హెడ్డు పక్కనున్న బుల్లి స్క్రూని గడియారాల స్క్రూడ్రైవరుతో ఒక వెంట్రుకవాసి తిప్పి, తంబూరా జీర ఎక్కడ స్పష్టంగా వినిపిస్తే అక్కడ ఆపాలి. ప్రతి టేపుకీ ఆ స్థానం మారుతుంది. రికార్డింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. గంటకి 520 ఎంబీ దాకా అవుతుంది, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్‌లో దాచితే దాదాపు సగానికి వస్తుంది.

ఈ నెల అసలు సంగతి అట్టల మీది రాత. తొమ్మిది క్యాసెట్ల మీద రాగం పేరు పక్కన ఎర్ర సిరాతో 'క.పో.' అని ఉంది. కీర్తన మొదటి అక్షరాలేమో అనుకుని వారం రోజులు కీర్తనల పుస్తకాలు తిరగేశాను. 'క' మొదలైనవి కోకొల్లలు, 'పో' దగ్గర ఆగిపోయాను. చివరికి అమ్మని అడిగాను. ఆమె వంకాయలు తరుగుతూ తలెత్తకుండానే, "కరెంటు పోయిందిరా, ఇంకేముంటది" అంది.

అప్పటిదాకా నన్ను తినేస్తున్న ఇంకో చిక్కు కూడా దాంతోనే విడింది. ఈ తొమ్మిదింటిలోనూ గాత్రం ఒకటి శ్రుతిలో మొదలై, క్యాసెట్టు ఒక పక్క అయిపోయేసరికి ఒకటిన్నర శ్రుతి దగ్గరికి, అంటే అర మెట్టు పైకి, ఎక్కుతోంది. తంబూరా షడ్జం ('స' స్వరం) కొలిస్తే మొదట 131 హెర్ట్జ్, చివర 138. ఏ విద్వాంసుడూ అలా పాడడు. కరెంటు పోగానే టూ-ఇన్-వన్ సెల్సు మీదికి మారేది. సెల్సు నీరసించేకొద్దీ మోటారు నిదానించి టేపు మెల్లగా కదిలేది. ఇప్పుడు సరైన వేగంతో వింటే అదే శ్రుతి ఎక్కినట్టు తేలుతుంది. శబ్దాన్ని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో చూస్తే కరెంటు గుయ్యిమనే గీత ఒకచోట టక్కున తెగిపోతుంది, అక్కణ్నించే షడ్జం ఎక్కడం మొదలు.

ఆ గుయ్యిమనే శబ్దం 50 హెర్ట్జ్ కదా, దాన్నే కొలబద్దగా పెట్టుకుని వేగం సరిచేద్దామని మొదట్లో సంబరపడ్డాను. కుదరదు. ఆ రోజుల్లో మన గ్రిడ్డే 50 దగ్గర నిలిచేది కాదు, 49 కిందికి కూడా జారేది. నమ్మదగింది తంబూరా ఒక్కటే. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్లో స్లైడింగ్ స్ట్రెచ్‌తో వేగాన్నీ శ్రుతినీ రెండింటినీ కలిపి, చివరికి 5 శాతం తగ్గేలా దించుతున్నాను. శ్రుతి ఒక్కటే దించితే తాళం ఉరుకుతూనే ఉంటుంది.

నాయన మీద నా ఫిర్యాదు వేరే. టేపు వృథా కాకూడదని ఆయన అనౌన్సరు నోరు తెరవగానే పాజ్ నొక్కేవాడు. పాట ఉంది, పాడిందెవరో లేదు. ఓలేటి వెంకటేశ్వర్లు గారు రేడియోలో పాఠాలు నేర్పిన 'సంగీత శిక్షణ' కార్యక్రమం టేపులు రెండున్నాయి. వాటిలో శిష్యులు తిరిగి పాడే వంతు కూడా కోసేశాడు. ఖాళీ గదిలో పాఠం చెబుతున్నట్టుంది!

అందుకే పేర్లు పట్టుకోవడానికి దొంగదారులు వెతుకుతున్నాను. అట్ట మీద తేదీ ఉంటే వారం చూస్తాను. శనివారం రాత్రి తొమ్మిదిన్నర అయితే అది 1952లో మొదలైన జాతీయ సంగీత కార్యక్రమం, ఢిల్లీ నుంచి రిలే, విజయవాడ ఖాతాలో వేయకూడదు. పుష్య బహుళ పంచమి అయితే త్యాగరాజ ఆరాధన నాటి తిరువయ్యారు గోష్ఠిగానం. (త్యాగరాజు పూర్వీకుల ఊరు కాకర్ల మా జిల్లాలోనే ఉందని ఆ టేపు పెట్టినప్పుడల్లా నాయన ఇంటికొచ్చినవాళ్లకి చెప్పేవాడు.) తేదీ లేకపోతే శబ్దమే సాక్ష్యం. పగలు మీడియం వేవ్ నేలబారున వస్తుంది కాబట్టి నిలకడగా ఉంటుంది. రాత్రి ఆకాశంలోంచి తిరిగొచ్చే తరంగం కూడా కలిసి, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మా ఊళ్లో ఉబ్బుతూ తగ్గుతూ ఉండేది. ఆ ఊగు వినిపిస్తే రాత్రి కచేరీ కింద రాసుకుంటున్నాను.

వెతక్కుండా పేరు దొరికింది ఒక్క టేపుకే. 22వ నంబరు, నాదస్వరం. అట్ట మీద 'మన కరవది' అని అంతే. ఒంగోలు నుంచి విజయవాడ వైపు వెళ్తే తర్వాతి స్టేషన్ కరవది. 1924లో అక్కడ పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారికి 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు వచ్చింది. నాయనకి మాత్రం ఆయన కరవది మనిషే.

నిన్న 37వది ఎక్కించాను. ఆడగొంతు, కల్యాణి ఆలాపన పదకొండు నిమిషాలు. వీణలా పట్టి పట్టి పాడింది. పాడిందెవరో వింటున్నంతసేపూ ఊహిస్తూనే ఉన్నాను. చివర్లో పాజ్ పడలేదు, నాయన కునికాడేమో. అనౌన్సరు గొంతు వచ్చింది. నోటుపుస్తకం దగ్గరికి లాక్కున్నాను. "ఇంతవరకూ మీరు విన్న గాత్ర కచేరీ, శ్రీమతి..." అన్నాడు. టక్ మని పక్క అయిపోయింది.