డేటా కమ్యూనికేషన్స్ బ్యాక్ పేపర్ క్లియర్ అయింది, జూనియర్స్ కోసం రాస్తున్నా

నిన్న సాయంత్రం రిజల్ట్ వచ్చింది. డేటా కమ్యూనికేషన్స్ అండ్ నెట్‌వర్క్స్‌లో 70కి 54. పోయినసారి ఇదే పేపర్లో 17. రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే కూర్చుని రాస్తున్నా, మన పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు నుంచి ఈ పేపర్ రాసే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ పనికొస్తుందని.

సిలబస్ మీకు తెలిసిందే. మొదటిసారి ఎందుకు పోయిందో చెప్తా. మాకు ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. నేను నోట్స్ అంతా బట్టీ పట్టేశా, ఓఎస్ఐ (నెట్‌వర్క్ పనిని అంచెలుగా విడగొట్టే నమూనా) 7 లేయర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. పేపర్లో వచ్చిందేమో స్టాప్ అండ్ వెయిట్ ప్రాబ్లం, అంటే ఒక ఫ్రేము (డేటా మూట) పంపి, అందిందని జవాబు వచ్చేదాకా ఆగి, అప్పుడు తర్వాతిది పంపే పద్ధతి. ఫ్రేము 1000 బైట్లు, లింకు 1 ఎంబీపీఎస్ (సెకనుకి 10 లక్షల బిట్లు), దూరం 2000 కిలోమీటర్లు, సిగ్నల్ వేగం సెకనుకి 2 లక్షల కిలోమీటర్లు, ఎఫిషియెన్సీ, అంటే మొత్తం టైములో నిజంగా డేటా ఎక్కించే టైము వంతు, ఎంత? ట్రాన్స్‌మిషన్ డిలే, ప్రొపగేషన్ డిలే రెండిటి డెఫినిషన్లూ నోటికొచ్చు, తేడా మాత్రం తెలీదు. దూరాన్ని తీసుకెళ్ళి ఎంబీపీఎస్‌తో భాగించేశా. ఆ గాభరాలో తర్వాతి షానన్ లెక్కలో (లైను మీద గరిష్ఠంగా ఎంత వేగం వస్తుందో చెప్పేది) సిగ్నల్‌కీ నాయిస్‌కీ నిష్పత్తి 30 డీబీని 1000 కింద మార్చకుండా అలాగే పెట్టేశా, 3000 హెర్ట్జ్ లైనుకి దాదాపు 30 కేబీపీఎస్ రావాల్సింది సగమే వచ్చింది. ఇంకేం మిగుల్తుంది.

సంక్రాంతికి ఇంటికెళ్ళా. మా నాన్న ధాన్యం గోడౌన్లో గుమస్తా. అన్నం క్యారేజీ ఇద్దామని వెళ్తే కళాసీలంతా బస్తాల మీద కూర్చున్నారు, నాన్న గడియారం చూసుకుంటున్నాడు. ఉన్నది ఒకటే లగేజీ ఆటో. లోడు ఎత్తడానికి 8 నిమిషాలు, మిల్లుకి వెళ్ళడానికి 10, రావడానికి 10. "28 నిమిషాల్లో ఈళ్ళు పని చేసేది 8 నిమిషాలేరా, మిగతాదంతా కూకోడమే. నాలుగు బళ్ళుంటే గానీ చేతులు ఆగవు" అన్నాడు.

అక్కడే నిలబడిపోయా. నా ప్రాబ్లం అదే! 1000 బైట్లంటే 8000 బిట్లు, వాటిని 1 ఎంబీపీఎస్ లింకు మీదకి ఎక్కించడానికి 8 మిల్లీసెకన్లు, అది లోడు ఎత్తడం, అంటే ట్రాన్స్‌మిషన్. 2000 కిలోమీటర్లు వెళ్ళడానికి 10, అది రోడ్డు మీద టైము, ప్రొపగేషన్. ఖాళీ బండి తిరిగి రావడం ఏక్ (ACK, ఫ్రేము అందిందని వచ్చే జవాబు), అది చిన్నది కాబట్టి ఎక్కించే టైము సున్నా అనుకుంటాం, ప్రయాణం 10 మాత్రం ఉంటుంది. 28లో 8, అంటే 28.57 శాతం. లింకు స్పీడు పెంచితే ఎత్తడం తొందరగా అవుతుంది గానీ రోడ్డు పొట్టిదవ్వదు, అందుకే ఎఫిషియెన్సీ ఇంకా పడిపోతుంది. ఇది నాకు ఏ డెఫినిషన్లోనూ కనపళ్ళేదు. 28ని 8తో భాగిస్తే 3.5, బండి సగం ఉండదు కాబట్టి 4. అదే స్లైడింగ్ విండో సైజు, అంటే జవాబు కోసం ఆగకుండా వరసగా పంపగలిగే ఫ్రేములు. గో బ్యాక్ ఎన్ (ఒక ఫ్రేము పోతే అక్కణ్ణించి అన్నీ మళ్ళీ పంపే పద్ధతి) అయితే విండో 4కి కనీసం 5 సీక్వెన్స్ నంబర్లు కావాలి, 2 బిట్లు చాలవు, 3 పెట్టాలి. సెలెక్టివ్ రిపీట్ (పోయిన ఫ్రేమునే మళ్ళీ పంపే పద్ధతి) అయినా 3 బిట్లే, ఎందుకంటే అక్కడ విండోకి రెట్టింపు, 8 నంబర్లు కావాలి.

మిగతావి అంత కష్టం కాదు. సీఆర్సీలో (డేటాలో తప్పు పడిందేమో పట్టుకునే లెక్క) జనరేటర్ డిగ్రీ ఎంతో అన్ని సున్నాలు చివర కలిపి ఎక్సార్‌తో భాగించడం, హామింగ్‌లో (తప్పు పడిన బిట్టుని సరిదిద్దే కోడ్) 1, 2, 4, 8 స్థానాలు ప్యారిటీకి, అంటే సరిచూసే బిట్లకి, వదలడం, సబ్‌నెట్టింగ్‌లో (నెట్‌వర్క్‌ని చిన్న ముక్కలుగా విడగొట్టడం) స్లాష్ 26 అంటే 64 అడ్రస్‌లు, హోస్ట్‌లకి 62. రోజుకి రెండు లెక్కలు పుస్తకం మూసి చేయండి, అంతే.

బట్టీ పట్టింది బద్ధకంతో కాదు, అది కూడా చెప్పాలి. రోజూ పొద్దున్న 4 గంటలకి లేచి చదివా. మూడు భాషల మధ్య అర్థం ఎక్కడో జారిపోయేది, మాటలు మిగిలేవి. కాబట్టి ఏ టాపిక్ అయినా ముందు ఇంట్లో వాళ్ళకి తెలుగులో చెప్పండి, అమ్మకి చెప్పండి, చెప్పలేకపోతే రానట్టే. ఫోన్లో వీడియో చూసి "ఆ, అర్థమైంది" అనుకుని పడుకోకండి, పెన్ను పట్టండి, రోజూ పట్టండి, పండగైనా సరే.

ఈసారి స్లైడింగ్ విండో వేరే నంబర్లతో వచ్చింది, జవాబు 6. మార్జిన్లో పెన్సిల్‌తో బళ్ళు గీసుకుని లెక్క చేశా. రిజల్ట్ చెప్పడానికి నాన్నకి ఫోన్ చేస్తే ముందు అడిగింది "ఆ నాలుగు బళ్ళ లెక్కే ఇచ్చారా?" అని. ఆరు బళ్ళు నాన్నా అన్నా.