ఇంటికి బయలుదేరిన రోహితుడు

పుష్పిణ్యౌ చరతో జంఘే
భూష్ణురాత్మా ఫలగ్రహిః ।
శేరేఽస్య సర్వే పాప్మానః
శ్రమేణ ప్రపథే హతాః ॥

ఋగ్వేదానికి చెందిన ఐతరేయ బ్రాహ్మణంలో ఇంద్రుడు హరిశ్చంద్రుడి కొడుకు రోహితుడికి చెప్పిన మాట ఇది. నడిచేవాడి పిక్కలు పూలు పూస్తాయట. అతని పాపాలన్నీ దారి శ్రమకే చచ్చి పడి ఉంటాయట. చివర్న ‘చరైవేతి’, అంటే నడుస్తూనే ఉండు. గోడల మీద ఈ ఒక్క ముక్కే రాసిపెడతారు గానీ, వెనకున్న కథ అంత హుషారైంది కాదు.

కొడుకు పుడితే బలిస్తానని హరిశ్చంద్రుడు వరుణుడికి మొక్కుకున్నాడు. పుట్టాక పళ్లు రానీ, ఊడనీ, మళ్లీ రానీ అంటూ నెట్టుకొచ్చాడు. సంగతి తెలిసి రోహితుడు విల్లు పట్టుకుని అడవికి పోయాడు. వరుణుడు తండ్రిని పట్టాడు, కడుపు ఉబ్బింది. ఆ కబురు విని రోహితుడు ఇంటికి బయలుదేరినప్పుడల్లా ఇంద్రుడు మనిషి వేషంలో ఎదురై వెనక్కి పంపాడు. అలా ఐదేళ్లు.

చొల్లంగి అమావాస్య నాడు తుల్యభాగ సంగమంలో మునిగి, గోదావరి పాయలు కడలిలో కలిసే చోటల్లా స్నానం చేస్తూ, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరడం సప్తసాగర యాత్ర. ఇప్పుడంతా బస్సులూ కార్లే. నేను ఒక్కణ్ణే నడిచాను.

అమలాపురం నుంచి రాజోలు పోవాల్సిన రోజు చుక్కలు కనబడ్డాయి. బోడసకుర్రు దగ్గర వైనతేయ వంతెన ఎక్కేసరికే ఎండ నడినెత్తికొచ్చింది. మడమ మీద బొబ్బ చితికి సాక్సుకి అంటుకుంది, లాగితే చర్మం కూడా వచ్చింది. వంతెన దిగి పాశర్లపూడి వైపు కొబ్బరిచెట్ల కింద కూలబడ్డాను. కొబ్బరి నీడకి నిలకడ ఉండదు, కాసేపటికోసారి జరగాలి. పిక్కలు పూయడం మాట దేవుడెరుగు, కొయ్యబారిపోయాయి.

పక్కన కాయలు వలుస్తున్న పెద్దాయన పని ఆపకుండానే అడిగాడు.

“ఎందాకండి?”

“అంతర్వేదండి.”

“నడిచేనాండి? ఆయ్, అదిగో ఆటో వస్తందండి, ఎక్కేయండి.” చెయ్యెత్తి ఆపాడు కూడా.

ఎక్కితే రాజోల్లో బస్సు, రాత్రికి ఇల్లు. రోహితుణ్ణి ఇంటివైపు లాగింది తండ్రి జబ్బు. నన్ను లాగుతున్నది మడమ. ఇంట్లో ఎవరికైనా బాగోలేదని ఫోనొచ్చి ఉంటే ఆ ఆటో ఎక్కడమే ధర్మం, ఇంద్రుడే ఎదురొచ్చి వద్దన్నా సరే. ఇల్లు పట్టకుండా తిరగడానికి ‘చరైవేతి’ని వత్తాసు తెచ్చుకునేవాళ్లంటే నాకు అందుకే చిరాకు. హరిశ్చంద్రుడి జబ్బు కొడుకు నడకతో తగ్గలేదు. అడవిలో ఆకలితో ఉన్న అజీగర్తుడనే ఋషి, రోహితుడి బదులు బలివ్వడానికి, నూరు ఆవులకి తన కొడుకు శునశ్శేపుణ్ణి అతనికి అమ్మాడు. యూపానికి, అంటే బలి స్తంభానికి, కట్టేసిన ఆ పిల్లవాడు దేవతల్ని వరసగా స్తుతించి, చివరికి ఉషస్సుని పిలిచాడు. ఒక్కో ఋక్కుకీ కట్లు వదులయ్యాయి, రాజు కడుపు తగ్గింది.

ఆటోని పంపేశాను. పాపాలు పోయేది గుళ్లో అనలేదు, సంగమంలో అనలేదు, దారిలోనే అన్నాడు ఇంద్రుడు. అది తట్టాక ఫలానా వేళకి చేరి తీరాలన్న టెన్షన్ పోయింది. రాజోలు మానేసి తాటిపాకలోనే ఆగిపోయాను.

లేవబోతుంటే పెద్దాయన బోండాం కొట్టిచ్చాడు, డబ్బులు పుచ్చుకోలేదు. “మా ఇంటావిడ నడవలేదండి. ఆవిడ పేరున ఓ మునకేయండి” అన్నాడు. పేరూ గోత్రం అడిగి రాసుకున్నాను. ఏకాదశి నాడు రథం కదలకముందే, వసిష్ఠ సంగమంలో మొదటి మునక ఆవిడ పేరున వేశాను.