ఆల్టమాంట్ అవతలి ఇల్లు

కాలిఫోర్నియా బే ఏరియాలో ఇల్లు కొనాలనుకునే మనవాళ్లు, ఆల్టమాంట్ కొండల అవతలున్న మౌంటెన్ హౌస్ ఊళ్లో మోడల్ హోమ్ చూడ్డానికి వెళ్లేది శని, ఆదివారాల్లోనే. కొండలకి ఇవతల ఫ్రీమాంట్ నుంచి బయల్దేరితే ఆ వేళకి 680, 580 హైవేలు ఖాళీగా ఉంటాయి. ఆల్టమాంట్ కొండల మీద గాలిమరలు చూసుకుంటూ ముప్పావు గంటలో దిగిపోతారు. అక్కడ ఐదు బెడ్‌రూముల కొత్త ఇల్లు, కింద అమ్మానాన్నలకి విడిగా గది, దానికే బాత్రూమ్, వెనక పెరడు. ధర ఒక మిలియన్ డాలర్ల చుట్టుపక్కల. అదే రోజు పొద్దున ఫ్రీమాంట్ ఓపెన్ హౌస్‌లో చూసింది 1960ల్లో కట్టిన మూడు బెడ్‌రూముల ఇల్లు. అది ఒకటిన్నర మిలియన్. ఇక తిరుగు ప్రయాణంలో కారులో ఒకటే చర్చ: అంత డబ్బు పోసి ఆ పాత ఇంట్లో ఎందుకుండాలి?

ప్రశ్న న్యాయమైనదే. జవాబు కావాలంటే మాత్రం అదే దారిలో మంగళవారం పొద్దున ఆరింటికి ఇటు, సాయంత్రం ఐదింటికి అటు ఒకసారి కారు నడిపి చూడాలి.

మేం డల్లాస్ నుంచి బే ఏరియాకి మారినప్పుడు మా ఆయన ఆఫీసు శాంటా క్లారాలో, నాది ప్లెజంటన్‌లో. అద్దె చూసుకుని మౌంటెన్ హౌస్ పక్కనే ఉన్న ట్రేసీలో దిగాం, కొనే ముందు ఆ వైపు ఎలా ఉంటుందో తెలుస్తుందని కూడా. డల్లాస్‌లో ఊరు ఎటు పడితే అటు విస్తరిస్తుంది కాబట్టి ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి పట్టుకోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. ఒక పక్క సముద్రపు పాయ, ఒక పక్క కొండలు. కొండల అవతల ట్రేసీ వైపు సెంట్రల్ వ్యాలీ నుంచి ఇటు రావాలంటే ఆఫీసులకి వెళ్లేవాళ్లూ, ట్రేసీ గోడౌన్ల ట్రక్కులూ, ఓక్లాండ్ పోర్టు కంటెయినర్లూ అందరూ ఆ ఆల్టమాంట్ కనుమలోంచే దూరాలి. పైన యాక్సిడెంట్ అయితే ప్యాటర్సన్ పాస్, టెస్లా రోడ్ లాంటి సన్నటి కొండదారులే గతి. ఫోన్ చూసి అందరూ వాటిలోకే దిగుతారు కాబట్టి అవీ నిలిచిపోతాయి. 2016 నుంచి 580 మీద డబ్బు కట్టి వెళ్లే ఎక్స్‌ప్రెస్ లేన్లున్నాయి కానీ అవి లివర్‌మోర్, ప్లెజంటన్ వైపు మాత్రమే, కొండ మీద లేవు.

ఇటువైపు ధరలు ఇంతలా ఉండడానికి ఉద్యోగాలొక్కటే కారణం అనుకుంటాం. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు పాస్ చేసిన ప్రపొజిషన్ 13 కూడా ఒక కారణం. దాని ప్రకారం ప్రాపర్టీ టాక్స్‌కి లెక్కించే విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగదు, ఇల్లు చేతులు మారితేనే కొత్త ధరకి మారుతుంది. మా వీధిలో దశాబ్దాల క్రితం కొన్న పెద్దవాళ్లు మేం కట్టే దాంట్లో చిన్న వంతు కడతారు. వాళ్లెందుకు అమ్ముతారు? అమ్మకానికి వచ్చే ఇళ్లు తక్కువ, కొనేవాళ్లు ఎక్కువ. "ముందు దూరంగా కొందాం, నాలుగేళ్ల తర్వాత దగ్గరికి మారదాం" అనుకునేవాళ్లు కూడా దీన్ని పట్టించుకోవాలి. మారిన రోజున టాక్స్ మళ్లీ ఆ రోజు ధర మీద మొదలవుతుంది, లోన్ ఆ రోజు వడ్డీకి వస్తుంది.

ఇప్పుడు లెక్క. రెండిళ్లకీ 20 శాతం డౌన్ పేమెంట్ అనుకుందాం. ఒకదానికి లోన్ 8 లక్షల డాలర్లు, రెండోదానికి 12 లక్షలు. 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్ల లోన్ మీద ఆ 4 లక్షల తేడాకి నెలకి సుమారు 2,530 డాలర్లు. టాక్స్ తేడా కలిపితే 3,000 అవుతుంది. కొత్త కాలనీల్లో మెల్లో-రూస్ అని ఇంకో పన్ను ఉంటుంది. రోడ్లు, స్కూళ్లు, పార్కులు కట్టడానికి తెచ్చిన అప్పుని ఇళ్లవాళ్ల మీద వేసే ఏర్పాటు అది, 1982 చట్టం. ఇంటి విలువలో ఒక శాతం అని ప్రపొజిషన్ 13 పెట్టిన టాక్స్ పరిమితి దానికి వర్తించదు. ఏజెంటు నోటి లెక్కలో ఇది జారిపోతూ ఉంటుంది కాబట్టి కిందటేడు టాక్స్ బిల్లు కాగితమే అడిగి చూడండి. ఇల్లు బట్టి మారే అంకె కనుక ఇక్కడ నేను కలపడం లేదు.

కారు ఖర్చు తర్వాతిది. మౌంటెన్ హౌస్ నుంచి శాంటా క్లారా ఒక వైపు దాదాపు 50 మైళ్లు, ఫ్రీమాంట్ నుంచి 15. రోజుకి 70 మైళ్లు ఎక్కువ. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2025కి బిజినెస్ ప్రయాణాలకి మైలుకి 70 సెంట్లు ఖరారు చేసింది. ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్లే ఖర్చుని టాక్స్‌లో చూపించుకోలేం కానీ గ్యాస్, ఇన్సూరెన్స్, కారు అరుగుదల అన్నీ కలిసిన అంచనాకి ఆ అంకె బాగా పనికొస్తుంది. వారానికి ఐదు రోజులు ఆఫీసయితే ఏడాదికి 240 రోజులు అనుకుంటే నెలకి 980 డాలర్లు. మూడు రోజులే అయితే దాదాపు 590. ఎలక్ట్రిక్ కారుంటే ఇంకొంచెం తగ్గుతుంది.

అంటే ఐదు రోజుల ఆఫీసుకి ఇంకా నెలకి 2,000 డాలర్లు మిగులుతున్నట్టే. దానికి బదులుగా రోజుకి రెండు గంటలు, నెలకి 40 గంటలు ఎక్కువగా రోడ్డు మీద. అంటే రోడ్డు మీద గడిపే ఒక్కో గంటకి 50 డాలర్లు మిగులుతాయి. మూడు రోజుల ఆఫీసయితే 2,400 డాలర్లకి 24 గంటలు, గంటకి 100. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే అంకె ఇదే. ఇల్లు మారకుండా, రోడ్డు మారకుండా, మేనేజర్ పంపే ఒక్క మెయిల్‌తో మన గంట ధర సగానికి పడిపోతుంది. అమెజాన్ 2025 జనవరి నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకి రమ్మంది. వారానికి రెండు రోజులే అన్న ధైర్యంతో 30 ఏళ్ల లోన్ తీసుకునేవాళ్లు ఆ రెండు ఐదైతే ఏం చేస్తారో కొనక ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

ఇంతవరకూ లెక్కే. ఏ ఎక్సెల్ షీట్‌లోనూ రాని సంగతి ఒకటుంది. ఆ మిగిలే 2,000 డాలర్లు ఇంటి ఖాతాలో పడతాయి, అందరివీ. ఆ 40 గంటలు మాత్రం ఒక్కరివి. అక్కడితో కూడా ఆగదు. ఒకరు దూరంగా ఉంటే ఇంట్లో మిగతా పనులన్నీ దగ్గరగా ఉన్నవాళ్ల నెత్తిన పడతాయి. ట్రేసీలో ఉన్నప్పుడు కారు నడిపింది ఆయన. ఆ దూరం నా దినచర్యనీ మింగేసింది. పాపకి జ్వరమని డేకేర్ నుంచి ఫోన్ వస్తే ప్లెజంటన్‌లో ఉన్న నేనే లేవాలి. డాక్టరు దగ్గరికి, కారు సర్వీసుకి, ప్లంబర్ వస్తానన్న మధ్యాహ్నానికి, అన్నిటికీ నేనే. నాలుగు తర్వాత పెట్టిన మీటింగులకి నేను ఒప్పుకోవడం మానేశాను. ప్రమోషన్ ఉన్న ప్రాజెక్టు ఒకటి లండన్ టీమ్‌తో పొద్దున్నే కాల్స్ ఉన్నాయని వదిలేశాను, ఎందుకంటే ఆయన ఐదున్నరకే బయల్దేరిపోతే పాపని లేపి, పాలు పట్టి, దింపాల్సింది నేను. దూరంగా కొనే ముందు ఏ భర్తా భార్యని "నీ ఉద్యోగం దీన్ని తట్టుకుంటుందా" అని అడగడం నేను పెద్దగా వినలేదు. ఆయన నన్ను అడిగారు. అందుకే ఈ వ్యాసం రాసే ఓపిక నాకుంది.

డేకేర్ ఆరింటికి మూస్తారు. ఆరు దాటితే నిమిషానికి ఇంత అని ఫీజు. నాకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న రోజున పాపని ఆయన తీసుకోవాలని అనుకున్నాం. ఆయన మూడున్నరకే బయల్దేరారు. ఐదుంపావుకి ఫోన్ చేసి, "సునోల్ దగ్గర కదలట్లేదు, నువ్వు వెళ్లగలవా" అన్నారు. నేను లాప్‌టాప్ తెరిచే కాల్‌లో ఉండగానే కారులో పెట్టుకుని బయల్దేరాను. ప్లెజంటన్ నుంచి ట్రేసీకి నేను కూడా అదే కొండ ఎక్కాలి కదా. వెళ్లేసరికి ఒక్క లైటు ఉంచి మిగతావి ఆర్పేశారు. పాప బూట్లు వేసుకుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, టీచర్ పక్కన చిన్న కుర్చీలో కూర్చుని ఉంది. ఏడవలేదు. "అందరి అమ్మలూ వచ్చేశారు" అంది. టీచర్ ఏమీ అనలేదు, సైన్ చేయమని ట్యాబ్ ఇచ్చింది. ఆవిడకీ ఇంట్లో పిల్లలున్నారు, ఆవిడ ఇల్లు ట్రేసీ దాటి మాంటెకాలో.

రైలుంది కదా అంటారు. ఉంది. స్టాక్‌టన్ నుంచి శాన్ హోసే దాకా ఏస్ రైలు 1998 నుంచి నడుస్తోంది. మా ఆయన కొన్నాళ్లు అందులోనే వెళ్లారు. ట్రేసీ నుంచి శాంటా క్లారాలోని గ్రేట్ అమెరికా స్టేషన్‌కి గంటన్నర, అక్కణ్నుంచి షటిల్. నైల్స్ కాన్యన్ గుండా వెళ్తుంది, నిద్రపోవచ్చు, పని చేసుకోవచ్చు. మనిషికి అలసట బాగా తగ్గింది, నిజం చెప్పాలి. కానీ పొద్దున శాన్ హోసే వైపు, సాయంత్రం స్టాక్‌టన్ వైపు కొన్ని రైళ్లే ఉంటాయి. మధ్యాహ్నం పిల్లకి దెబ్బ తగిలిందని ఫోనొస్తే ఎక్కడానికి రైలుండదు. ఆఫీసు శాన్ ఫ్రాన్సిస్కోలో అయితే కథ వేరు. ప్లెజంటన్ పక్కనున్న డబ్లిన్‌లో ఉండి బే ఏరియా మెట్రో రైలు బార్ట్ ఎక్కితే రోజంతా రైళ్లున్నాయి. శాంటా క్లారా వైపు వాళ్లకి మాత్రం డబ్లిన్ నుంచి బే ఫెయిర్‌లో రైలు మారి, చుట్టు తిరిగి మిల్పిటాస్‌కి రావాలి.

వీసా మీద ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. హెచ్1బిలో ఇంటి నుంచి పని చేస్తే ఆ ఇల్లు కూడా పనిచేసే చోటే. ట్రేసీ, మౌంటెన్ హౌస్ శాన్ వాకీన్ కౌంటీలోవి, శాన్ హోసే మెట్రో ప్రాంతం కింద రావు. వీసా కోసం కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చే ఎల్‌సీఏ దరఖాస్తులో రాసిన ప్రాంతం దాటి పనిచేసే చోటు మారితే పిటిషన్ అమెండ్ చేయాలని 2015లో సిమియో సొల్యూషన్స్ కేసులో తేల్చారు. కాబట్టి అడ్రస్ మారక ముందే కంపెనీ ఇమిగ్రేషన్ వాళ్లతో మాట్లాడి మెయిల్‌లో జవాబు తీసుకోవడం మంచిది. ఉద్యోగం పోతే ఉండే గడువు మహా అయితే 60 రోజులు. ఆ 60 రోజుల్లో దొరికే ఉద్యోగం పాలో ఆల్టోలో అయినా, సాన్ మటేయోలో అయినా వెళ్లగలగాలి. అందుకే ఇల్లు ఇప్పటి ఆఫీసుకి ఎంత దూరమన్న దానికంటే, దాని నుంచి గంటలోపు ఎన్ని కంపెనీలు అందుతాయన్నది నాకు ముఖ్యమనిపించింది. ధరలు పడేటప్పుడు కూడా దూరపు ఊళ్లకే దెబ్బ ఎక్కువ. 2008లో, ఇంటి విలువ కంటే మీదున్న అప్పే ఎక్కువైన ఇళ్లు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్న ఊరిగా వార్తలకెక్కింది మౌంటెన్ హౌసే.

అలాగని ఆ ఊరిని తీసిపారేసేలా మాట్లాడేవాళ్లంటే నాకు కోపం. 2024 జులైలో అది సొంత నగరపాలన ఉన్న సిటీ అయింది. సాయంత్రం పార్కులో మన పెద్దవాళ్లు గుంపుగా నడుస్తుంటారు. మా టీమ్‌లో ఒక అక్క అక్కడే ఉంటుంది, వాళ్లాయనది పూర్తిగా ఇంటి నుంచి పని, తనది వారానికి ఒక రోజు ఆఫీసు. వాళ్ల అత్తమామలు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఆరు నెలలూ ఇంటికి వెళ్తామని ఒక్కసారి కూడా అనలేదట. ఆ ఇంటికి ఆ ఊరు సరిగ్గా సరిపోయింది. చలికాలం పొద్దున్నే పట్టే ట్యూలీ పొగమంచు ఒక్కటే తనకి భయం, ముందున్న కారు కనబడదంటుంది.

మేం చివరికి ఫ్రీమాంట్‌లో టౌన్‌హౌస్ కొన్నాం, వార్మ్ స్ప్రింగ్స్ బార్ట్‌కి దగ్గర్లో. పాతది, ఇరుకు, కాలనీ నిర్వహణకి కట్టే హెచ్‌ఓఏ ఫీజు వేరే. బెడ్‌రూములన్నీ పైనే, మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఆవిడ వచ్చినప్పుడు హాల్లో మంచం వేసి కర్టెన్ కట్టాం. "నాకేం ఫర్వాలేదమ్మా" అంటారు, కానీ రాత్రిళ్లు బాత్రూమ్‌కి ఇబ్బంది పడతారు, నాకది బాధే. నేను ఇప్పుడు 680 మీద ప్లెజంటన్ వెళ్తాను. అందరూ దక్షిణానికి వచ్చే పొద్దున నేను ఉత్తరానికి పోతాను కాబట్టి అంత రద్దీ ఉండదు. పాపని వారంలో మూడు రోజులు ఆయనే తీసుకొస్తారు. పొద్దున కాల్స్ ఉన్న ప్రాజెక్టు ఇంకొకటి వస్తే ఈసారి ఒప్పుకున్నాను.

వచ్చే నెల మా మరిది కుటుంబం సియాటిల్ నుంచి వస్తోంది. మరిదికి వారానికి రెండు రోజులు సన్నీవేల్ ఆఫీసు, మా తోటికోడలు ఇంకా ఉద్యోగం వెతుక్కుంటోంది. మౌంటెన్ హౌస్‌లో కొనేద్దామని అతని తొందర. ముందు అక్కడే ఏడాది అద్దెకుండమన్నాను. ఆ ఏడాదిలో ఒక చలికాలం పొగమంచు, ఒక వేసవి ఎండ, తోటికోడలికి ఉద్యోగం వచ్చాక కొన్ని నెలలు, అన్నీ తెలుస్తాయి. డేకేర్ వెయిట్‌లిస్టులో మాత్రం ఇప్పుడే రెండు చోట్లా పేరు రాయించమన్నాను. ఒకటి మౌంటెన్ హౌస్‌లో, ఒకటి ఇక్కడ.