గోథెన్‌బర్గ్ బంకమట్టి, మా నల్లరేగడి, మధ్యలో ఒక బేరింగు

పోయిన ఏడాది ఫిబ్రవరిలో మా జిన్నింగు మిల్లులో లైన్ షాఫ్టు బేరింగు ఒకటి కాలిపోయింది. లైన్ షాఫ్టు అంటే బెల్టులతో మిషన్లన్నిటినీ తిప్పే పొడవాటి ఇరుసు, బేరింగు అంటే ఆ ఇరుసు ఆనుకుని తిరిగే గోళీల రింగు. కాలిపోవడం అంటే ఊరికే వేడెక్కడం కాదు. గ్రీజు కరిగి కిందికి కారి, దానికి పట్టుకున్న దూది నుసి కమురు వాసన వేస్తూ పొగ మొదలైంది. పత్తి మిల్లులో పొగ కనిపిస్తే ఎలా ఉంటుందో అక్కడ పనిచేసిన వాళ్లకు చెప్పక్కర్లేదు. మెయిన్ ఆపి ఇసుక బకెట్లు పట్టుకుని పరిగెత్తాం. స్విచ్ ఆపినా షాఫ్టు వెంటనే ఆగదు కదా, అది తిరుగుతూ తిరుగుతూ నిలబడేదాకా పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అదే చోట ఆ సీజన్‌లో పోయిన రెండో బేరింగు అది. అక్టోబరులో సీజన్ మొదలయ్యే ముందు అలైన్‌మెంట్ చేసింది నేనే. దారం లాగి, నీళ్ల ట్యూబు పట్టి, షిమ్ములు (ఎత్తు సరిచేసే పలచటి రేకులు) వేసి, బేరింగులు కూర్చునే ప్రతి దిమ్మెనూ ఒక లెవెల్‌కి తెచ్చాను. అందుకే నమ్మబుద్ధి కాక మళ్లీ ట్యూబు పట్టి చూస్తే ఆ మూడో దిమ్మె పక్క దిమ్మె కంటే 12 మిల్లీమీటర్లు కిందికి ఉంది. మాది గుంటూరు పక్కన నల్లరేగడి నేల. వానలకు నీళ్లు తాగి ఉబ్బుతుంది, వానలు వెనకబడ్డాక ఎండిపోతూ కుంచించుకుంటుంది, ఎండలు ముదిరితే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఈ నేల మీద అక్టోబరులో కుదిర్చిన లెవెల్ ఫిబ్రవరికి ఉండదు. ఇది మా ఊళ్లో ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్లకూ తెలుసు, నేను మాత్రం షాఫ్టు దగ్గర దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

రిటైరైపోయిన మా పెద్ద ఫిట్టర్‌ని పిలిపించాను. ఆయన కాలిన బేరింగు చేతిలోకి తీసుకుని, మసి తుడిచి, నంబరు చదివి, "6211 ఎవరు వేశారు అబ్బాయ్ ఇక్కడ? ఇది 1211 ఉండాల్సిన చోటు కదా" అన్నారు. రెండింటికీ కొలతలు ఒకటే. లోపల 55, బయట 100, వెడల్పు 21 మిల్లీమీటర్లు. బ్లాకులో, అంటే దిమ్మె మీద బేరింగును పట్టి ఉంచే ఇనప పెట్టెలో, చక్కగా కూర్చుంటుంది, 6211 ఎక్కడైనా దొరుకుతుంది, కాబట్టి ఎప్పుడో ఎవరో మార్చేసి ఉంటారు. ఆయన స్టోరులోంచి పాత 1211 ఒకటి వెతికి తెప్పించి, లోపలి రింగును బొటనవేలితో నొక్కారు. అది తలుపు రెక్కలా ఓరగా తిరిగింది, రెండు వరసల గోళీలూ బయటికి కనిపించాయి. "నేల కదిలితే ఇదీ దాంతోపాటు కదులుతుంది బాబూ, మనతో పోట్లాడదు" అన్నారు.

ఆ మాట విన్న రాత్రి నుంచే నాకు ఈ బేరింగు పిచ్చి పట్టింది. దీన్ని మొదట ఎవరు ఆలోచించారు అని వెతికితే దొరికిన మనిషి స్వెన్ వింగ్‌క్విస్ట్. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ ఊళ్లో గామ్లెస్టాడెన్స్ ఫాబ్రికర్ అనే బట్టల మిల్లులో మెయింటెనెన్స్ చూసే ఇంజినీరు. ఆ మిల్లు కట్టిన నేల బంకమట్టి. మట్టి కుంగేకొద్దీ కట్టడం కుంగుతుంది, పొడవాటి లైన్ షాఫ్టులు వంకర పోతాయి, బేరింగులు వరసపెట్టి పోతాయి. జర్మనీ నుంచి తెప్పించుకునే బేరింగులు చేరడానికి చాలా కాలం పట్టేది, వచ్చినవీ ఎక్కువ కాలం నిలిచేవి కావు. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. నూరేళ్లకు పైగా వెనక, మంచు పడే దేశంలో, నా ఉద్యోగమే చేస్తున్న మనిషి, నాకు వచ్చిన తిప్పలే పడుతున్నాడు.

తేడా ఏమిటంటే నేను షిమ్ములు వేస్తూ కూర్చున్నాను. ఆయన ప్రశ్నను తిరగేశాడు. షాఫ్టును నిటారుగా ఉంచడం మన చేతిలో లేదు, నేల మన మాట వినదు, సరే, షాఫ్టు వంగినా బేరింగుకు నొప్పి తెలియకుండా చేయగలమా? 1907లో దానికి పేటెంటు తీసుకున్నాడు, స్వీడన్‌లోనూ మరో పది దేశాల్లోనూ. అదే ఏడాది ఆ మిల్లు ఆసరాతోనే ఎస్‌కెఎఫ్ కంపెనీ పుట్టింది, ఆయనే దాన్ని నడిపాడు. (వోల్వో అనే పేరు కూడా మొదట కార్ల కోసం కాదు, ఎస్‌కెఎఫ్ తన బేరింగుల కోసం పెట్టుకున్నదే. లాటిన్‌లో "నేను దొర్లుతాను" అని అర్థం. కారు 1927లో వచ్చింది.)

ఇప్పుడు అసలు కిటుకు. మామూలు బాల్ బేరింగులో లోపలి రింగుకూ బయటి రింగుకూ గోళీ పట్టేంత గాడి ఉంటుంది. గోళీ రెండు గాళ్లలోనూ ఒదిగి తిరుగుతుంది, బరువు బాగా మోస్తుంది, కానీ షాఫ్టు ఏటవాలు అయితే గోళీ గాడి అంచుకు ఎక్కుతుంది. వింగ్‌క్విస్ట్ లోపలి రింగు మీద రెండు వరసల గాళ్లు ఉంచి, బయటి రింగు లోపలి వైపు మాత్రం గాడి తీసేశాడు. దాన్ని ఒక పెద్ద గోళం లోపలి గోడలో ముక్కలా నునుపుగా చేశాడు, ఆ గోళం కేంద్రం సరిగ్గా బేరింగు నడిమధ్యలో ఉండేట్టు. గుండ్రటి గిన్నెలో బంతిని ఎటు తిప్పినా గిన్నెకు తేడా తెలియదు, ఎందుకంటే గోళం అన్ని వైపుల నుంచీ ఒకేలా ఉంటుంది. అంతే. షాఫ్టు, లోపలి రింగు, గోళీలు అన్నీ కలిసి ఒక పక్కకు వాలినా గోళీల కింద ఉన్న గోడ అదే వంపు, అదే దూరం. ఇందులో స్ప్రింగు లేదు, కీలు లేదు, అదనంగా కదిలే ముక్క ఒక్కటి కూడా లేదు. వంపును ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం ఒక్కటే. నేను చూసిన మెకానికల్ పేటెంట్లన్నిట్లో నాకు దీనంత ఇష్టమైంది ఇంకోటి లేదు.

లెక్క వేసి చూశాను. మా దిమ్మెల మధ్య దూరం 3 మీటర్లు, కుంగింది 12 మిల్లీమీటర్లు, అంటే వాలు సుమారు 14 నిమిషాల కోణం. డిగ్రీలో 60వ వంతు నిమిషం. 6211 ఉండే 62 సిరీస్ లాంటి బేరింగు తట్టుకోగలిగేది బరువునూ లోపలి క్లియరెన్సునూ (గోళీలకూ రింగులకూ మధ్య సందు) బట్టి మహా అయితే 2 నుంచి 10 నిమిషాలు. 1211 ఉండే 12 సిరీస్ రెండున్నర డిగ్రీల దాకా వాలగలదు, అంటే 150 నిమిషాలు. మా నేల ఎంత కుంగినా అది దాటే ప్రసక్తే లేదు.

దీనికి మూల్యం లేకపోలేదు, అది కూడా చెప్పాలి. బయటి రింగులో గాడి లేదు కాబట్టి గోళీ అక్కడ చిన్న చుక్క మీదే ఆనుతుంది. అందుకే అవే కొలతలున్న 6211తో పోలిస్తే 1211 మోసే బరువు చాలా తక్కువ. మా షాఫ్టు మీద బెల్టుల లాగుడు పెద్దది కాదు కాబట్టి సరిపోయింది, కానీ క్రషర్ మీదో చెరకు మిల్లు మీదో ఇది నిలవదు. ఆ లోటును తీర్చింది అదే కంపెనీలోని అర్విడ్ పామ్‌గ్రెన్, 1919లో. గోళీల బదులు డోలు ఆకారంలో మధ్యలో ఉబ్బిన రోలర్లు పెట్టాడు, బయటి రింగులో గోళపు గోడ అలాగే ఉంచాడు. వాలే గుణం పోలేదు, బరువు మోసే శక్తి వచ్చింది. 222తో మొదలయ్యే నంబర్లు చూసి ఉంటారు, 22216, 22220 అని, అవి ఈ జాతివే. ఈయనే తర్వాత లుండ్‌బర్గ్‌తో కలిసి 1947లో బేరింగు ఆయుష్షు లెక్క ప్రచురించాడు. ఇప్పటికీ కేటలాగుల్లో అందరం వాడేది దాని మీద నిలబడ్డ లెక్కే. బాల్ బేరింగు మీద బరువు రెట్టింపైతే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. బెల్టును ఇంకాస్త బిగించండి అని పైనుంచి ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఈ ఎనిమిదో వంతే గుర్తొస్తుంది.

పాత రైసు మిల్లుల్లో వైట్ మెటల్ పోసిన బుష్షులు చూసినవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలని ఉంది. దాని అసలు పేరు బ్యాబిట్ మెటల్, ఎక్కువ భాగం తగరం, కొంచెం యాంటిమనీ, రాగి. మెత్తటి తగరంలో గట్టి కణాలు చెదిరి ఉంటాయి, కణాలు బరువు మోస్తాయి, మెత్తదనం దుమ్మును తనలో ఇముడ్చుకుని షాఫ్టును గీరకుండా కాపాడుతుంది. ఐజాక్ బ్యాబిట్‌కు 1839లో అమెరికాలో పేటెంటు ఇచ్చింది ఈ లోహానికి కాదు, దాన్ని పోసి పట్టి ఉంచే పెట్టె తీరుకు. లోహం సంగతి అందులో పనిలో పనిగా చెప్పాడు. పెట్టెను జనం మర్చిపోయారు, లోహానికి ఆయన పేరు నిలిచిపోయింది.

ఇవన్నీ చదువుతుంటే నాకు మా పెద్ద ఫిట్టరే మనసులో మెదిలారు. జిన్నుల్లో తోలు రోలర్లకు గాళ్లు కొట్టడానికి ఆయన ఎప్పుడో సొంతంగా ఒక ఏర్పాటు చేసుకున్నారు, గంట పని పావుగంటలో అయ్యేది. వచ్చిన ప్రతి మిల్లు వాళ్లకూ చూపించారు, కొలతలు కూడా ఇచ్చారు. కొన్నాళ్లకు వేరే ఊరి వర్క్‌షాపు ఒకటి అదే చేసి అమ్ముకుంది. ఆయన ఏమీ అనుకోలేదు, నాకే కడుపు మండింది. మన చట్టంలో దరఖాస్తు పెట్టకముందే నలుగురికీ చూపించేస్తే కొత్తదనం పోయినట్టే లెక్క, ఆ తర్వాత పేటెంటు అడగడం దాదాపు కుదరదు. ఆయనకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. మామూలు మనిషి ఆన్‌లైన్‌లో దరఖాస్తు వేయడానికి మొదటి ఫీజు 1600 రూపాయలు. ముందు తాత్కాలిక వివరణతో తేదీ ఖాయం చేసుకుని, పూర్తి వివరణ 12 నెలల్లోపు ఇవ్వొచ్చు. తర్వాత ఇంకా ఖర్చులుంటాయి, నిజమే, కానీ ఆ తేదీ చేతిలో ఉండటం వేరు.

చదువుకున్నవాళ్లకే పేటెంట్లు అనుకునేవాళ్లు ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం గారిని తలుచుకోవాలి. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకులకు చుట్టాలంటే, చెయ్యి మేకుల చుట్టూ 9000 సార్లు తిరగాలి. అమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి, ఒక కదలిక దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయి, 1999లో బాలానగర్‌లో వైరింగు పనికి వెళ్లిన చోట ఇంకేదో మిషన్ కదలికలో జవాబు చూసుకుని లక్ష్మీ ఆసు యంత్రం పూర్తి చేశారు. పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. నొప్పి కళ్లెదుట ఉన్న మనిషే అంతకాలం వదలకుండా పట్టుకోగలడని నాకనిపిస్తుంది. వింగ్‌క్విస్ట్‌కు కాలిన బేరింగులు, ఈయనకు అమ్మ భుజం.

మేం ఆ ఎండాకాలంలోనే లైను మొత్తం 1211లకు మార్చేశాం, పెద్ద ఫిట్టర్ దగ్గరుండి బిగించారు. నెలకోసారి ట్యూబు పట్టి, ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో ప్రతి దిమ్మె పక్కన గోడ మీద సుద్దతో రాస్తున్నాను. ఈ ఫిబ్రవరిలో మూడో దిమ్మె దగ్గర రాసిన అంకె 11. బ్లాకు మీద అరచెయ్యి పెట్టి నిమిషం సేపు ఉంచాను, గోరువెచ్చగా ఉంది.